గంటకు ఆరు బస్సులున్నా ఎందుకు సరిపోవు? బెంగళూరు సిటీ బస్సుల రద్దీ వెనుక లెక్క

బెంగళూరులో సిటీ బస్సుల మాట వస్తే రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఈ రూటులో గంటకు ఇన్ని బస్సులు నడిపాం, అన్నీ డిపో దాటాయి, రికార్డు ఉంది అనేది బస్సులు నడిపే సంస్థ మాట. ఇరవై నిమిషాలు నిలబడ్డా రాలేదు, వచ్చినదాంట్లో కాలు పెట్టే చోటు లేదు అనేది స్టాపులో ఉన్నవాళ్ల మాట. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనుకోవడం తేలిక. కానీ చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆ రెండు నిజాలూ ఒకేసారి ఎలా సాధ్యమో అర్థమైతే, బస్సు రాకపోవడం, వచ్చిన బస్సు కిక్కిరిసి ఉండడం వేరువేరు సమస్యలు కావని కూడా అర్థమవుతుంది.

మన తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. మరాఠహళ్లి, కుందలహళ్లి పీజీల్లో ఉండే కుర్రాళ్లు, కె.ఆర్.పురం వైపు కాపురాలున్న కుటుంబాలు, అనంతపురం, పాలమూరు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లు, తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డవాళ్లు, అందరూ ఏదో ఒక పూట ఈ బస్సుల కోసం నిలబడేవాళ్లే. నగర బస్సులను 1997లో రాష్ట్ర రవాణా సంస్థ నుంచి విడదీసి బీఎంటీసీ (బెంగళూరు మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్) చేతికిచ్చారు. ఇప్పుడు దాని దగ్గర సుమారు 7,000 బస్సులున్నాయి. రోజుకు 40 లక్షలకు పైగా ప్రయాణాలు వాటిలోనే సాగుతాయి. మెట్రో గురించి ఎంత మాట్లాడుకున్నా, నగరాన్ని ఎక్కువగా మోస్తున్నది బస్సే.

ఎడం, రౌండు: అన్నిటికీ మూలమైన లెక్క

ఒక బస్సు వెళ్లాక తర్వాతిది వచ్చేదాకా పట్టే సమయాన్ని రవాణా రంగంలో హెడ్‌వే అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ఎడం అందాం. బయలుదేరిన బస్సు అవతలి కొసకు వెళ్లి, కాసేపు ఆగి, మళ్లీ మొదటి చోటికి రావడానికి పట్టే సమయం రౌండు. రౌండును బస్సుల సంఖ్యతో భాగిస్తే ఎడం వస్తుంది.

దీనికి చక్కటి ఉదాహరణ మెట్రో ఎల్లో లైన్. ఆర్.వి.రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల ఈ మార్గం 2025 ఆగస్టులో మొదలైంది. పట్టాలు, స్టేషన్లు చాలా ముందే సిద్ధమైనా బోగీల సరఫరా ఆలస్యమైంది. చివరకు మూడు రైళ్లతోనే ప్రారంభించారు. రౌండుకు 75 నిమిషాలు వేసుకుంటే 75ను మూడుతో భాగించాలి, 25. మొదటి రోజుల్లో రైలు 25 నిమిషాలకొకటి వచ్చింది అందుకే. నాలుగో రైలు చేరాక ఎడం 19 నిమిషాలకు, ఐదోది చేరాక 15కు తగ్గింది. కొత్త పట్టా ఒక్క మీటరు వేయలేదు, రైలు వేగం పెంచలేదు. రైళ్లు మాత్రమే పెరిగాయి.

ఇదే లెక్క బస్సుకూ వర్తిస్తుంది. కాకపోతే బస్సుకు సొంత పట్టా లేదు. దాని రౌండు రోజూ మారుతుంది, పూటపూటకూ మారుతుంది.

ట్రాఫిక్ బస్సులను ఎలా మింగేస్తుంది

ఒక రూటులో 12 బస్సులు ఉన్నాయనుకుందాం. రోడ్డు ఖాళీగా ఉండే వేళ రౌండుకు 120 నిమిషాలు. అంటే 10 నిమిషాలకో బస్సు. సాయంత్రం సిల్క్‌బోర్డు, టిన్‌ఫ్యాక్టరీ లాంటి చోట్ల వాహనాలు పేరుకుపోయి రౌండు 180 నిమిషాలైంది. అవే 12 బస్సులు, వాళ్లే డ్రైవర్లు, కానీ ఇప్పుడు 15 నిమిషాలకో బస్సు. మళ్లీ 10 నిమిషాల ఎడం కావాలంటే 18 బస్సులు ఉండాలి. ఆరు బస్సులను ట్రాఫిక్ మింగేసిందన్నమాట. పైగా జనం ఎక్కువగా ఉండే వేళలోనే ఇది జరుగుతుంది.

డ్రైవర్ల లెక్క కూడా దీంతోపాటే మారుతుంది. చట్టం ప్రకారం పని రోజుకు 8 గంటలు. 120 నిమిషాల రౌండ్లయితే మధ్యలో విశ్రాంతి పోను మూడు తిరగొచ్చు. 180 నిమిషాలవైతే రెండే. ఆలస్యమైన బండి చివరి ట్రిప్పును సగం దారిలో వెనక్కి తిప్పడమో, రద్దు చేయడమో ఇక్కడి నుంచే పుడుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టాపులో నిలబడ్డవాళ్లకు ఇది డ్రైవర్ నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి మధ్యాహ్నం నుంచి పేరుకున్న ఆలస్యం ఆ పూటకు అక్కడ తేలుతుంది, అంతే. డ్రైవర్, కండక్టర్ల మీద అరిచే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంటే బాగుంటుందని నా కోరిక.

మూడు నిమిషాల ఆలస్యం ఏడు స్టాపులు దాటేసరికి

మొత్తం వ్యవహారంలో అసలు ముడి ఇది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

రద్దీ రూటు ఒకటి తీసుకుందాం. పది నిమిషాలకో బస్సు. ప్రతి స్టాపులోనూ నిమిషానికి ఇద్దరు చొప్పున జనం చేరుతుంటారు. ఒక్కొక్కరు ఎక్కడానికి 3 సెకన్లు. అంతా సవ్యంగా సాగితే బస్సు వచ్చేసరికి స్టాపులో 20 మంది ఉంటారు, ఎక్కడానికి నిమిషం పడుతుంది. షెడ్యూలు వేసేటప్పుడే ఆ నిమిషం లెక్కలో ఉంటుంది.

ఇప్పుడు ఒక బస్సు సిగ్నల్ దగ్గర 3 నిమిషాలు ఇరుక్కుంది. తర్వాతి స్టాపుకు వెళ్లేసరికి అక్కడ 20 మంది బదులు 26 మంది. వాళ్లు ఎక్కడానికి 78 సెకన్లు. ఇంకో 18 సెకన్లు ఆలస్యం. ఆ పై స్టాపులో జనం ఇంకాస్త ఎక్కువ, ఆలస్యం ఇంకాస్త ఎక్కువ. స్టాపు స్టాపుకూ ఆలస్యం పదో వంతు చొప్పున పెరుగుతూ పోతుంది.

దాని వెనక బస్సుకు సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ముందు బస్సు వెళ్లి 7 నిమిషాలే అయింది కాబట్టి స్టాపులో 14 మందే ఉంటారు. 42 సెకన్లలో కదిలిపోతుంది. జనం తక్కువ, ఆగడం తక్కువ, వేగం ఎక్కువ. ఈ అంకెలతోనే లెక్క వేసుకుంటూ పోతే, ఏడు స్టాపులు దాటేసరికి ముందు బస్సు దాదాపు 6 నిమిషాలు ఆలస్యంగా, వెనక బస్సు దాదాపు 4 నిమిషాలు ముందుగా నడుస్తుంటాయి. ఎనిమిదో స్టాపు రాకముందే రెండూ కలిసిపోతాయి. ఇక అక్కడి నుంచి జంటగానే ప్రయాణం. ఒకటి ఫుట్‌బోర్డు దాకా నిండి, రెండోది కిటికీ సీట్లు ఖాళీగా.

ఎవరూ తప్పు చేయలేదు. డ్రైవర్లిద్దరూ తమ పని చేశారు. అయినా బస్సులు గుంపుకట్టాయి. దీన్ని న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే గణితంతో చూపించారు. బస్సులను వాటి మానాన వదిలేస్తే గుంపులుగా మారడం వాటి స్వభావం, సమానమైన ఎడంలో నడవాలంటే ఎవరో ఒకరు పట్టించుకోవాలి.

కిక్కిరిసిన బస్సులో ఈ ఆలస్యం ఇంకా వేగంగా పెరుగుతుంది. లోపల ఉన్నవాళ్లు తలుపు దాకా రావడానికి సమయం పడుతుంది. ఒకరు దిగాలంటే ముగ్గురు కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. కండక్టర్ వెనక నుంచి ముందుకు రాలేడు, తర్వాతి స్టేజి వచ్చేలోపు టికెట్లు పూర్తి చేయడానికి బండిని కాసేపు పక్కన ఆపించడమూ ఉంటుంది. అందుకే రద్దీ ఆలస్యానికి ఫలితమే కాదు, కారణం కూడా.

సగటు 40, బస్సులో 72

మొదట్లో చెప్పిన రెండు నిజాల దగ్గరికి ఇప్పుడు రావచ్చు.

గంటలో ఆరు బస్సులు. గంటలో ఎక్కేవాళ్లు 240 మంది, అంటే నిమిషానికి నలుగురు. ఎడం సమానంగా 10 నిమిషాలుంటే సగటున 5 నిమిషాలు వేచి ఉండాలి, ఒక్కో బస్సులో 40 మంది ఎక్కుతారు. దాదాపు అందరికీ సీటు.

అవే ఆరు బస్సులు జంటలుగా వస్తే? ఎడం 18 నిమిషాలు, 2 నిమిషాలు, మళ్లీ 18, మళ్లీ 2. గంటలో 54 నిమిషాలు పెద్ద ఎడంలోనే పోతాయి కాబట్టి పదిమందిలో తొమ్మిదిమంది ఆ 18 నిమిషాల ఎడంలోనే స్టాపుకు వస్తారు. సగటున వేచి ఉండేది 5 నుంచి 8 నిమిషాల 12 సెకన్లకు పెరుగుతుంది. ముందు బస్సులో 72 మంది ఎక్కుతారు, వెనకదాంట్లో 8 మంది.

సంస్థ రికార్డు ఏం చెబుతుంది? గంటకు ఆరు బస్సులు, బస్సుకు సగటున 40 మంది. నిజమే, ఆరు బస్సుల సగటు 40. కానీ 240 మందిలో 216 మంది ఎక్కింది 72 మంది ఉన్న బస్సుల్లో. ఖాళీ బస్సు ఎంత ఖాళీగా ఉందో చూసేవాళ్లు తక్కువ, ఎందుకంటే దాంట్లో జనమే లేరు. బస్సులను లెక్కపెడితే రద్దీ 40, మనుషులను లెక్కపెడితే దాదాపు 66. ఒకే సాయంత్రం, ఒకే రూటు, రెండు నిజాలు.

ఇంకొకటి గమనించాలి. ఎక్కువసేపు నిలబడ్డవాళ్లే ఎక్కువ రద్దీలో ఎక్కుతారు. ముందు బస్సు వెళ్లాక ఆ రెండు నిమిషాల ఎడంలో వచ్చినవాళ్లు హాయిగా కూర్చుంటారు. కష్టం అందరికీ సమానంగా పంచబడదు.

సగటుతో ఇంకో చిక్కు ఉంది. శుక్రవారం రాత్రి మడివాలలో కడపకో, నెల్లూరుకో, విజయవాడకో బస్సు ఎక్కాల్సిన మనిషిని ఊహించుకోండి. సిటీ బస్సులో అక్కడికి చేరడానికి సగటున గంట, కానీ పది రోజుల్లో ఒకరోజు 95 నిమిషాలు పడుతుందనుకుందాం. అతను గంట ముందు బయలుదేరడు, 95 నిమిషాల ముందే బయలుదేరతాడు, ఎందుకంటే టికెట్ డబ్బులు, ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మ, రెండూ సగటు మీద ఆధారపడవు. మిగతా తొమ్మిది రోజులూ ఆ 35 నిమిషాలు వృథా. ఇంత వృథా ఏ సంస్థ ఖాతాలోనూ కనిపించదు. రెండు జీతాలతో నడిచే ఇంట్లో అది పిల్లల దగ్గర గడపాల్సిన సమయం. షిఫ్టు పనివాళ్లకు నిద్ర. చివరికి అప్పు చేసైనా బండి కొనుక్కుంటారు. బెంగళూరులో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి. కొన్న ప్రతి బండీ బస్సుల రౌండును ఇంకొంచెం పొడిగిస్తుంది.

ఉచిత ప్రయాణం వల్లే రద్దీనా?

2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైంది. కర్ణాటక చిరునామా గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు ఏసీ లేని సాధారణ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఆంధ్ర, తెలంగాణ ఆధార్‌తో ఇక్కడ ఉంటున్న మన ఆడపిల్లలు టికెట్ కొనాల్సిందే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ తర్వాత ఇలాంటి పథకాలే వచ్చాయి కాబట్టి ఈ వాదన మన ఇళ్లలోనూ వినిపిస్తోంది.

పథకాన్ని తప్పుపట్టేవాళ్ల మాటలో బలం ఉంది. జనం పెరిగినంతగా బస్సులు పెరగకపోతే ఉన్న బస్సుల మీదే భారం పడుతుంది. ఎక్కేవాళ్లు పెరిగితే స్టాపులో ఆగే సమయం పెరుగుతుంది, పైన చూసినట్టు గుంపుకట్టడమూ త్వరగా జరుగుతుంది. టికెట్ డబ్బుల బదులు ప్రభుత్వం ఇచ్చే డబ్బు సమయానికి రాకపోతే కొత్త బస్సులు కొనడం కష్టం.

సమర్థించేవాళ్ల మాటలోనూ అంతే బలం ఉంది. ఛార్జీకి భయపడి ఇంటికి దగ్గర్లో తక్కువ జీతానికి పనిచేసిన మహిళ ఇప్పుడు దూరంగా మంచి పనికి వెళ్లగలుగుతోంది. ఇళ్లల్లో పనిచేసే ఆమెకు నెలకు మిగిలే డబ్బు చిన్నది కాదు. ఆమె ప్రయాణించడం సమస్యగా కనిపిస్తోందంటే, ఇన్నాళ్లూ ఆమె ప్రయాణించకుండా ఉండడాన్ని మనం మామూలుగా తీసుకున్నామని అర్థం.

ఈ రెండిటి మధ్య తేల్చాల్సింది వేళను బట్టి. మధ్యాహ్నం పన్నెండింటికి సగం ఖాళీగా తిరిగే బస్సులో ఇంకో పదిమంది ఎక్కితే సంస్థకు అదనపు ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఆ బస్సు ఎలాగూ తిరుగుతోంది. ఉదయం తొమ్మిదింటికి నిండిన బస్సులో అదే పదిమంది అంటే ఇంకో బస్సు, ఇంకో డ్రైవరు కావాలి, అవి మిగతా రోజంతా పని లేకుండా ఉన్నా సరే. కాబట్టి పథకం రద్దీని పెంచిందా అనే ప్రశ్నకు రోజు మొత్తానికి ఒకే జవాబు దొరకదు. ఒక్కటి మాత్రం స్పష్టం. 18 నిమిషాలు, 2 నిమిషాల ఎడం ఈ పథకం తెచ్చింది కాదు. ఔటర్ రింగ్ రోడ్డులో ఏళ్ల తరబడి 500 సిరీస్ బస్సులు ఎక్కినవాళ్లకు అది పాత అనుభవమే.

2025 ఫిబ్రవరిలో మెట్రో ఛార్జీలు పెరిగి గరిష్ఠ టికెట్ 60 రూపాయల నుంచి 90కి చేరినప్పుడు కొంతమంది మెట్రో మానేశారు. అలా మానేసినవాళ్లలో కొందరు బస్సెక్కుతారు, కొందరు బండి తీస్తారు. ఒకచోట ధర మారితే ఇంకోచోట రద్దీ మారుతుంది.

బస్సులు పెంచడమా, దారి ఇవ్వడమా

బస్సులు చాలవనేవాళ్ల దగ్గర ఒక కొలత ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల్లో మంచి సేవ అనిపించుకోవాలంటే వెయ్యిమందికి 0.6 బస్సు, అంటే లక్షకు 60 ఉండాలి. నగర జనాభా 1.4 కోట్లనుకుంటే 8,400 బస్సులు. ఉన్నవాటికి ఇంకో 1,400 కలపాలి. ఈ వాదన సరైనదే. ఎల్లో లైన్ లెక్క చూపించింది కూడా ఇదే.

అయితే గుంపుకట్టే రూటులో రెండు బస్సులు కలిపితే జంటలు కాస్తా మూడేసిగా రావచ్చు. బస్సులకు రోడ్డులో ప్రత్యేకంగా దారి ఇవ్వాలనేవాళ్లు పట్టుకునేది ఇక్కడే. పైన చూసిన 180 నిమిషాల రౌండు మళ్లీ 120కి వస్తే కొత్తగా కొనకుండానే ఆరు బస్సులు వచ్చినట్టు. బెంగళూరు దీన్ని ఒకసారి ప్రయత్నించింది. 2019లో ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్.పురం వైపు ఒక వరుసను (లేన్‌ను) స్తంభాలు పాతి బస్సులకు కేటాయించారు. తర్వాత అదే రోడ్డులో మెట్రో పనులు మొదలయ్యాక ఆ వరుస నిలవలేదు. ఒక వరుస తీసేస్తే కార్లు, ఆటోలు మిగిలినదాంట్లో ఇంకా ఇరుకుగా వెళ్లాలనే అభ్యంతరం అబద్ధం కాదు. కానీ కారులో సగటున ఒకరో ఇద్దరో, బస్సులో 40 నుంచి 70 మంది. రోడ్డులో వాహనాలను లెక్కపెట్టాలా, మనుషులను లెక్కపెట్టాలా అన్నదే ఈ గొడవంతా. నేను మనుషుల వైపే.

మూడో మార్గం గురించి మనదగ్గర చర్చ తక్కువ. అది ఎడాన్ని చూసుకోవడం. దారి మధ్యలో ఒకటి రెండు చోట్ల, ముందు బస్సుకు మరీ దగ్గరగా వచ్చిన బండిని రెండు మూడు నిమిషాలు ఆపుతారు. ఆగిన బస్సులో కూర్చున్నవాళ్లకు చిరాకే. కానీ ఇంకా ముందున్న స్టాపుల్లో నిలబడ్డవాళ్లు వాళ్లకంటే చాలా ఎక్కువమంది. దీనికి కొత్త రోడ్డు అక్కర్లేదు. బస్సు ఎక్కడుందో తెలిసే జీపీఎస్, దాన్ని చూసి చెప్పే కంట్రోల్ రూమ్, ఆలస్యానికి డ్రైవర్‌ను శిక్షించని పద్ధతి కావాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ పనిచేయవు.

కిలోమీటర్లకు డబ్బు, నిమిషాలకు డబ్బు

ఈమధ్య వచ్చిన ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలో నడుస్తాయి. బస్సు, డ్రైవరు ప్రైవేటు కంపెనీవి, కండక్టర్ బీఎంటీసీ మనిషి, కంపెనీకి నడిపిన కిలోమీటర్లను బట్టి చెల్లింపు. ఒకేసారి కోట్లు పెట్టి బస్సులు కొనే భారం తప్పుతుంది, అది మంచిదే. కానీ కిలోమీటరు లెక్కలో 72 మందితో ముందు నడిచిన బస్సూ, 8 మందితో దాని వెనకే నడిచిన బస్సూ సమానం.

లండన్‌లో కూడా బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలే. అక్కడ బస్సులు తరచుగా వచ్చే రూట్లలో అదనపు నిరీక్షణ అనే కొలత వాడతారు. షెడ్యూలు ప్రకారం సగటున ఎంతసేపు ఆగాలి, నిజంగా ఎంతసేపు ఆగాల్సి వచ్చింది, ఆ తేడా. మన ఉదాహరణలో 5 నిమిషాల బదులు 8 నిమిషాల 12 సెకన్లు, అంటే తేడా 3 నిమిషాల 12 సెకన్లు. 2001 నుంచి అక్కడి కాంట్రాక్టుల్లో ఇలాంటి కొలతలకు బోనసులు, కోతలు ముడిపెట్టారు. ట్రాఫిక్ తమ చేతిలో లేనప్పుడు కోత ఎందుకని కంపెనీలు అడగడం సహజం, అందుకే రూటును బట్టి లక్ష్యం మారుతుంది.

యాప్‌లో కనిపించే రెండో బస్సు

బీఎంటీసీ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసే వీలుంది. యాప్ ఎడాన్ని మార్చలేదు, కేవలం చూపిస్తుంది అనిపిస్తుంది. కానీ నిండిన బస్సు వచ్చినప్పుడు దాని వెనకే రెండు నిమిషాల్లో ఇంకోటి ఉందని తెలిస్తే కొందరు ఆగుతారు. మన ఉదాహరణలో 72 మందిలో 20 మంది ఆగారనుకుంటే ముందు బస్సులో 52, వెనకదాంట్లో 28 అవుతాయి. ఆ 20 మందికీ సీట్లు దొరుకుతాయి. ఒక్కొక్కరికి 3 సెకన్ల చొప్పున ముందు బస్సు ఎక్కించుకునే సమయం ఒక నిమిషం తగ్గుతుంది, అంటే గుంపు కొంచెం విడుతుంది. స్టాపులో నిలబడ్డవాళ్లే ఎడాన్ని కొంత సరిచేసినట్టు. ఇదంతా యాప్‌లో చూపించిన బస్సు నిజంగా అక్కడ ఉన్నప్పుడే. రెండు నిమిషాల్లో అని చూపించిన బస్సు ఒక్క సాయంత్రం రాకుండా పోయిందంటే, మర్నాడు ఆ 20 మందీ మొదటి బస్సు ఫుట్‌బోర్డు మీదే ఉంటారు.